నిప్పురవ్వ కథ – ఒక మెకానిక్ జ్ఞాపకాలు



ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని మన సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు, "నాకు రాయడం ఏమొచ్చునండీ, స్పానరు పట్టిన చెయ్యి" అన్నాను. "ఆ స్పానరు సంగతే రాయండి" అన్నారాయన. సరిగ్గా ఆ వారంలోనే మా మనవడు నా పాత పనిముట్ల పెట్టె తీసి, అందులోంచి నల్లటి బేకలైటు మూత ఒకటి పట్టుకొచ్చి, "తాతయ్యా, ఐదు కొమ్ములున్నాయి, ఇదేమిటి?" అని అడిగాడు. అది జీపు డిస్ట్రిబ్యూటర్ మూత. మా షాపులో దాన్ని అందరమూ "డెల్కో మూత" అనేవాళ్లం. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్ల వరకూ తెలియదు. వాడికి చెప్పిన కథనే ఇక్కడ రాస్తున్నాను. తప్పులుంటే మన్నించగలరు.

నేను 1969లో విజయవాడలోని ఒక ప్రభుత్వ శాఖ వర్క్‌షాపులో హెల్పరుగా చేరి, మెకానిక్‌నై, ఫోర్‌మన్‌గా 2005లో పదవీ విరమణ చేశాను. నా సర్వీసులో సగానికి పైగా పెట్రోలు జీపులతోనూ, అంబాసిడర్లతోనూ గడిచింది. పెట్రోలు బండి ఆగిందంటే నూటికి డెబ్బై పాళ్లు అయితే పెట్రోలు రాకపోవాలి, లేకపోతే నిప్పు రాకపోవాలి అని మా మేస్త్రీ గారు అనేవారు. ఆ నిప్పు సంగతే ఈ వ్యాసం.

నిప్పు ఎందుకు?

డీజిల్ ఇంజనుకు నిప్పు అక్కర్లేదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. పెట్రోలు ఇంజను అలా కాదు. గాలీ పెట్రోలు ఆవిరీ కలిసిన మిశ్రమాన్ని సిలిండర్లో నొక్కి, సరిగ్గా సమయం చూసి ఒక రవ్వ వెయ్యాలి. ముందు వేస్తే ఇంజను వెనక్కి తంతుంది. ఆలస్యంగా వేస్తే బలం చచ్చి, వేడెక్కి, పెట్రోలు తాగుతుంది. ఈ "సమయం చూసి" అన్న రెండు మాటల కోసం పెద్దలు నూరేళ్లకు పైగా కష్టపడ్డారు.

1860లో ఫ్రాన్సులో లెన్వార్ అనే ఆయన తయారు చేసిన గ్యాసు ఇంజనులో బ్యాటరీ, చుట్టల కాయిల్ పెట్టి విద్యుత్ రవ్వతోనే మంట అంటించారు. కాని ఆ రోజుల్లో అది నమ్మకంగా పనిచేసేది కాదు. 1876లో జర్మనీలో నికొలాస్ ఆటో తన నాలుగు స్ట్రోకుల ఇంజను చేసినప్పుడు, పక్కన ఒక దీపం వెలిగించి, జారుడు తలుపు తెరుచుకున్నప్పుడు ఆ మంట లోపలికి అందేలా ఏర్పాటు చేశారు. నెమ్మదిగా తిరిగే ఇంజనుకు అది చాలింది. తర్వాత డైమ్లర్ తన వేగపు ఇంజనుకు ఒక సన్నని గొట్టాన్ని బయట నుంచి బర్నరుతో ఎర్రగా కాల్చి, దాని వేడితో మిశ్రమాన్ని అంటించారు. పెట్రోలు బండి మీద ఎప్పుడూ మండుతుండే బర్నరు అంటే ఎంత భయమో మీరే ఊహించుకోండి. పైగా గొట్టానికి సమయం చెప్పలేం.

కార్ల్ బెంజ్ మాత్రం 1886 నాటి తన మూడు చక్రాల బండిలో మొదటి నుంచీ విద్యుత్తునే నమ్ముకున్నారు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని, భర్తకు చెప్పకుండా, మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి ఆ బండిలో బయలుదేరారు. దారిలో ఇగ్నిషన్ తీగ మీది తొడుగు పోతే, తన మేజోడు పట్టీ తీసి చుట్టారట. మోటారు ప్రపంచంలో రోడ్డు మీద ఇగ్నిషన్ రిపేరు చేసిన తొలితరం వారిలో ఒక ఇల్లాలు ఉన్నారన్నమాట. మా వర్క్‌షాపులో ఆడవాళ్లకు ఈ పని రాదనే కుర్రాళ్లకు నేను ఈ కథ చెప్పేవాణ్ణి.

మాగ్నెటో రోజులు

బెంజ్ పద్ధతిలో చిక్కు బ్యాటరీది. ఆనాటి బ్యాటరీ కొంత దూరం పోగానే చచ్చిపోయేది. దీన్ని తప్పించింది మాగ్నెటో. అయస్కాంతం పక్కన తీగచుట్ట తిరిగితే అందులో విద్యుత్ పుడుతుందని మైకేల్ ఫారడే 1831లోనే కనుక్కున్నారు. ఆ సూత్రంతో ఇంజను తిరుగుతూ తన నిప్పు తానే పుట్టించుకుంటుంది. స్టుట్‌గార్ట్‌లో చిన్న వర్క్‌షాపు నడిపే రాబర్ట్ బాష్ 1887లో ఒక చోట నిలిపి నడిపే ఇంజనుకు మాగ్నెటో చేసి ఇచ్చారు. 1897లో దానిని మూడు చక్రాల మోటారు బండికి అమర్చారు. 1902లో ఆయన దగ్గర పనిచేసే ఇంజనీరు గాట్లోబ్ హోనోల్డ్ హై వోల్టేజీ మాగ్నెటోనూ, దానికి తగిన స్పార్క్ ప్లగ్గునూ తయారు చేశారు. అంతకుముందు సిలిండర్ లోపలే రెండు ఇనప ముక్కలు కలిసి విడిపోయేటట్టు పెట్టి రవ్వ రప్పించేవారు. అవి లోపలి వేడికి తొందరగా అరిగిపోయేవి. హోనోల్డ్ పుణ్యమా అని కదిలే భాగం సిలిండర్ బయటికి వచ్చేసింది. లోపల కదలని ప్లగ్గు ఒక్కటే మిగిలింది.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి బ్రిటన్ మాగ్నెటోల కోసం దాదాపు పూర్తిగా జర్మనీ మీదే ఆధారపడి ఉంది. శత్రువు దగ్గర నుంచి మాగ్నెటో రాదు కదా! లారీలకూ విమానాలకూ కొరత వచ్చి, హడావిడిగా సొంతంగా తయారు చేసుకోవలసి వచ్చింది. అరచేతిలో ఇమిడే సామాను ఒకటి దొరక్కపోతే సైన్యమే ఆగిపోతుంది. స్టోర్సులో పనిచేసిన మన మిత్రులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మన ఇళ్లలోని పాత స్కూటర్లు కూడా మాగ్నెటోలే. అందుకే బ్యాటరీ ఉన్నా లేకపోయినా కిక్కు కొడితే స్టార్టయ్యేవి. చిన్న విమానాల ఇంజన్లలో నేటికీ రెండేసి మాగ్నెటోలు, సిలిండర్‌కు రెండేసి ప్లగ్గులు వాడుతున్నారు.

డెల్కో అంటే ఎవరు?

ఇక మా మనవడి ప్రశ్న దగ్గరికి వద్దాం. అమెరికాలో డేటన్ అనే ఊళ్లో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు, కొందరు మిత్రులతో కలిసి ఒక కొట్టంలో ప్రయోగాలు చేసి, బ్యాటరీతో నడిచే కొత్త ఇగ్నిషన్ కనిపెట్టారు. 1910 మోడల్ కాడిలాక్ కార్లకు దాన్ని అమర్చారు. ఆయన పెట్టిన కంపెనీ పేరు డేటన్ ఇంజనీరింగ్ లేబొరేటరీస్ కంపెనీ. ఆ మాటల మొదటి అక్షరాలు కలిపితే "డెల్కో". 1912 మోడల్‌కు ఆ కంపెనీయే సెల్ఫ్ స్టార్టరు కూడా ఇచ్చింది. హ్యాండిల్ తిప్పి మణికట్టు విరగ్గొట్టుకునే బాధ అక్కడి నుంచి తగ్గుతూ వచ్చింది. ఇంగ్లీషు ముక్క రాని మా మేస్త్రీ గారు రోజూ నోరారా పలికిన మాట వెనుక ఇంత కథ ఉందని తెలిసిన రోజున నాకు ఆశ్చర్యం వేసింది.

అదే కాలంలో 1908 నుంచి 1927 వరకు కోటీ 50 లక్షల దాకా తయారైన ఫోర్డ్ మోడల్ టీ బండిలో సిలిండర్‌కొక కాయిల్ చొప్పున నాలుగు చెక్కపెట్టెలుండేవి. అవి కందిరీగల్లా రొద చేస్తూ రవ్వలు కురిపించేవి. స్టీరింగ్ కింద ఎడమవైపు మీట జరిపి డ్రైవరే నిప్పును ముందుకూ వెనక్కీ మార్చుకోవాలి. మార్చడం మరిచి హ్యాండిల్ తిప్పితే అది వెనక్కి కొట్టేది. కెటరింగ్ పద్ధతిలో ఒకే కాయిల్, ఒక్క దెబ్బకు ఒక్క రవ్వ. ఆ రవ్వను పంచిపెట్టడానికి డిస్ట్రిబ్యూటర్. బ్యాటరీలు బాగుపడ్డ కొద్దీ ఇదే లోకమంతా నిలిచింది. 1957 నుంచి మన రోడ్ల మీద తిరిగిన అంబాసిడర్లోనూ, మన జీపుల్లోనూ ఉన్నది ఇదే.

కరెంటు వెంట నడుద్దాం

తాళం తిప్పగానే బ్యాటరీ నుంచి 12 వోల్టుల కరెంటు, మూడు నాలుగు ఆంపియర్లు, కాయిల్‌లోని లావు తీగచుట్ట గుండా, సీబీ పాయింట్ల గుండా ప్రవహించి బాడీకి ఎర్త్ అవుతుంది. లావు తీగ చుట్లు కొన్ని వందలు. దాని కోవలోనే వెంట్రుకంత సన్నని తీగ చుట్లు వేలల్లో, సుమారు నూరు రెట్లు. మధ్యలో ఇనప కోర్. కరెంటు పారినంతసేపూ ఆ ఇనుములో అయస్కాంతశక్తి నిండి ఉంటుంది.

డిస్ట్రిబ్యూటర్ ఇరుసు మీద నాలుగు పలకల క్యామ్ తిరుగుతూ పాయింట్లను తెరుస్తుంది. కరెంటు టక్కున తెగుతుంది. పరుగెత్తే ఎడ్లబండి ఒక్కసారిగా ఆగితే లోపలివాళ్లు ముందుకు తూలి పడరూ? అలాగే ఆ అయస్కాంతశక్తి కుప్పకూలి, సన్నతీగలో 15 వేల నుంచి 25 వేల వోల్టులు పుట్టిస్తుంది. నిప్పు పుట్టేది కరెంటు ఇచ్చినప్పుడు కాదు, ఆపినప్పుడు. హెల్పరుగా ఉన్న రోజుల్లో ఇది నా బుర్రకు ఎక్కడానికి నెలలు పట్టింది.

ఇక్కడ కండెన్సర్ పని చెప్పాలి. పాయింట్లు విడిపోయే క్షణంలో కరెంటు ఆగనంటుంది, ఆ సందులోంచే దూకబోతుంది. అలా దూకితే పాయింట్లు కాలిపోతాయి, కాయిల్‌లో దెబ్బ బలహీనపడుతుంది. బొటనవేలంత కండెన్సర్ ఆ పొంగును తనలోకి తీసుకుంటుంది. కాలువ లాకు ఒక్కసారిగా మూస్తే పొంగిన నీటికి పక్కన కుంట ఉన్నట్టు. ఒక పాయింటు మీద గుంట, రెండో దాని మీద బొడిపె కనబడితే కండెన్సర్‌ను అనుమానించమని మేస్త్రీ గారు నేర్పారు.

కాయిల్ నుంచి లావుపాటి హెచ్.టి. వైరు డెల్కో మూత నడికొమ్ములోకి వస్తుంది. లోపల చిన్న బొగ్గుముక్క ద్వారా రోటరుకు అందుతుంది. రోటరు తిరుగుతూ ఒకటి, మూడు, నాలుగు, రెండు వరసలో సిలిండర్లకు పంచుతుంది. ఇంజను రెండు చుట్లు తిరిగితే డెల్కో ఒక చుట్టు తిరుగుతుంది. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే పాయింట్లు సెకనుకు 100 సార్లు తెరుచుకుని మూసుకోవాలి! వాటి సందు 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యోవంతులు పదిహేను. ఫీలర్ గేజి సరిగ్గా పట్టీ పట్టనట్టు జారాలి. వెన్న మీద కత్తిలా జారితే సందు ఎక్కువ, గీరుకుంటే తక్కువ.

మిశ్రమం మండడానికి కూడా కొంత వ్యవధి కావాలి. సెకనులో ఐదువందలో వంతు అనుకున్నా, 3,000 చుట్ల వేగంలో ఆ కాస్తలోనే క్రాంకు 36 డిగ్రీలు తిరిగిపోతుంది. అందుకే వేగం పెరిగిన కొద్దీ రవ్వ ముందుగా పడాలి. డెల్కో అడుగున స్ప్రింగులు కట్టిన రెండు బరువులుంటాయి. వేగానికి అవి విచ్చుకుని క్యామ్‌ను ముందుకు తిప్పుతాయి. మోడల్ టీ డ్రైవరు చేతి పనిని ఈ రెండు ఇనప ముక్కలు చేసిపెట్టాయి.

చివరికి ప్లగ్గు. దాని ముక్కు సుమారు 400 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే పట్టిన మసి తానే కాలిపోతుంది. 850 దాటితే ఎర్రబడి, రవ్వ రాకముందే మంట అంటించేస్తుంది. ప్లగ్గు తీసి చూస్తే ఇంజను నాడి తెలిసిపోతుంది. ఇటుక రంగు ఉంటే ఆరోగ్యం. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ. నూనె తడి ఉంటే రింగులు పోయాయి. తెల్లగా సున్నంలా ఉంటే వేడి ఎక్కువ. మనం వాడిన మైకో ప్లగ్గులు 1951లో స్థాపించిన కంపెనీవి. అది పైన చెప్పిన బాష్ వారి సంబంధమే. 2008లో దాని పేరు కూడా బాష్‌గా మారింది.

దివిసీమలో

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన సంగతి మన తరానికి చెప్పనక్కరలేదు. 10 వేలకు పైగా ప్రాణాలు పోయాయి. ఆ తర్వాతి రోజుల్లో మా వర్క్‌షాపు బండ్లను కూడా సహాయం పనులకు పంపారు. మందులూ, సెలైన్ సీసాలూ, ఒక డాక్టరు గారూ ఉన్న జీపును నాగాయలంక వైపు తీసుకువెళ్లడం నా వంతు. మేస్త్రీ గారు వెనుక లారీలో వస్తున్నారు. బయలుదేరేటప్పుడు ఒక్కటే మాట చెప్పారు. "ఒరేయ్ అబ్బాయ్, నీళ్లలో దిగే ముందు ఫ్యాను బెల్టు తీసెయ్. డెల్కోకు గుడ్డ చుట్టు."

ఫ్యాను తిరుగుతుంటే నీళ్లను ఎత్తి ఇంజను మీద కొడుతుంది. బెల్టు తీస్తే ఫ్యాను ఆగుతుంది. పది నిమిషాల పని. ఒక చోట రోడ్డు కోసుకుపోయి మోకాటి లోతు నీళ్లున్నాయి. అవతలి గట్టు కనబడుతూనే ఉంది. పది నిమిషాలు ఎందుకు పోగొట్టుకోవడం అనుకున్నాను. ముప్పై ఏళ్ల వయసు. దింపేశాను. నడుమకు వెళ్లేసరికి ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

అక్కడున్నవాళ్లు సాయంపట్టి జీపును గట్టుకు తోశారు. నేను మూత తీసి తుడిచాను. హ్యాండిల్ తిప్పితే లేదు. మళ్లీ తుడిచాను. వైర్లు తుడిచాను. ప్లగ్గులు తీసి ఆరబెట్టాను. ఒక్కోసారి ఒక కొట్టు కొట్టి చచ్చిపోయేది. అలా దాదాపు రెండు గంటలు గడిచాయి. డాక్టరు గారు ఒక్క మాట అనలేదు. కొన్ని పెట్టెలు జనం తలల మీద పెట్టించి, తానూ నడిచి వెళ్లిపోయారు. ఆ మౌనం నాకు తిట్టుకంటే ఎక్కువైంది.

అప్పుడు మేస్త్రీ గారి లారీ వచ్చింది. ఆయన దిగి, బెల్టు అలాగే ఉండడం చూశారు. ఏమీ అనలేదు. డెల్కో మూత చేతిలోకి తీసుకుని, లోపలి అంచుకు నాలుక ఆనించారు. "ఉప్పురా" అన్నారు. "గుడ్డతో తుడిస్తే నీరు పోతుంది కాని ఉప్పు పోదు. ఉప్పు పొర మీద నుంచే కరెంటు పారిపోతోంది. ప్లగ్గు దాకా ఎందుకు పోతుంది? మంచినీళ్లతో కడగాలి."

మంచినీళ్లు! చుట్టూ కనుచూపు మేర నీళ్లే, తాగడానికి చుక్క లేదు. బావులన్నీ ఉప్పైపోయాయి. మా జీపులో తెచ్చిన క్యాను డాక్టరు గారితో వెళ్లిపోయింది. జీపు తోసిన వాళ్లలో ఒక పెద్దాయన, ఉదయం సహాయం వాళ్లు పోసిన నీళ్లు చెంబులో మిగుల్చుకున్నారు. ఆయన ఇంట్లో ఎందరు మిగిలారో మేము అడగలేదు. ఆ చెంబు తెచ్చి మేస్త్రీ గారి చేతికిచ్చి, "కడగండి బాబూ, బండి కదిలితే మందులన్నా పోతాయి" అన్నారు.

మేస్త్రీ గారు ఆ నీళ్లలో సగమే వాడారు. మూత, రోటరు, కాయిల్ తల కడిగి, లారీ ఇంజను వేడి మీద ఆరబెట్టి బిగించారు. మిగిలిన సగం ఆయన చేతికి తిరిగి ఇచ్చారు. నేను హ్యాండిల్ తిప్పాను. రెండో తిప్పుకు ఇంజను అందుకుంది. అక్కడి నుంచి ప్రతి నీళ్ల దగ్గరా బెల్టు విప్పాను, బిగించాను. ఎన్నిసార్లో లెక్కలేదు.

ఆ రెండు గంటల్లో ఆ సెలైన్ సీసాల కోసం ఎదురుచూసిన వాళ్లలో ఎవరికేమైందో నేను ఆ రోజూ అడగలేదు, తర్వాతా అడగలేదు. నా సర్వీసు రిజిస్టరులో దాని మీద ఒక్క ముక్క లేదు. మేస్త్రీ గారు కూడా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నేనే చెబుతున్నాను.

తర్వాతి కథ

1970లలో అమెరికాలో పాయింట్లు తీసేసి, వాటి బదులు అరగని అయస్కాంత పికప్పు, ట్రాన్సిస్టరు పెట్టారు. మన దగ్గర 1983 డిసెంబరులో మారుతి కారు వచ్చాక కొత్త పద్ధతులు ఒక్కొక్కటే మా షాపు గుమ్మం ఎక్కాయి. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చింది. కంప్యూటరు పెట్టె వచ్చాక డెల్కోయే పోయింది. ఇప్పటి బండ్లలో ఎక్కువ వాటికి ప్లగ్గు నెత్తి మీదే కాయిల్ ఉంటుంది. పంచిపెట్టేవాడి అవసరం లేదు. 2014లో అంబాసిడర్ తయారీ కూడా ఆగిపోయింది. నేను రిటైరయ్యే నాటికి ఫీలర్ గేజి పట్టడం తెలిసిన కుర్రవాడు మా షాపులో ఒక్కడే ఉన్నాడు.

అయితే మా మనవడికి చెప్పినదే మీకూ చెబుతాను. కెటరింగ్ కాయిల్ సూత్రం ఏమీ మారలేదు. నేటి పెట్రోలు కార్లలో కూడా కరెంటును ఆపినప్పుడే రవ్వ పుడుతోంది. ఆపేది పాయింటు కాదు, ట్రాన్సిస్టరు. అంతే తేడా. విద్యుత్ బండ్లు పూర్తిగా వచ్చేదాకా ఈ నిప్పురవ్వ మనతోనే ఉంటుంది.

మేస్త్రీ గారు పోయి చాలా ఏళ్లయింది. ఆయన ఎక్కడా పుస్తకం చూసి చెప్పలేదు, కాని చెప్పినది ఏదీ పుస్తకానికి తేడాగా లేదు. ఆ డెల్కో మూతను మనవడు తన బల్ల మీద పెట్టుకుంటానన్నాడు. ఇచ్చాను. ఇచ్చే ముందు అలవాటు కొద్దీ ఒకసారి మంచినీళ్లతో కడిగి, తుడిచి ఇచ్చాను.